కనబడుతోంది కదా అంటే సరిపోదు: ఏఎస్/400లో చైనీస్ డేటాతో నా అనుభవం

ఐబీఎమ్ వాళ్ల వ్యాపార కంప్యూటరు ఏఎస్/400 మీద పనిచేసేవాళ్లందరికీ 65535 అనే నంబరు తెలుసు. దాని జోలికి మాత్రం ఎవరూ పోరు. ఐబీఎమ్ ఆ సిస్టమ్ పేరు ఎప్పుడో మార్చేసి ఐబీఎమ్ ఐ అంటోంది గానీ మా నోట్లో ఇప్పటికీ ఏఎస్/400 అనే వస్తుంది. ఇందులో ప్రతి ఫైలుకీ, ఫీల్డుకీ, నడుస్తున్న ప్రతి జాబుకీ సీసీఎస్ఐడీ అని ఒక నంబరు ఉంటుంది. ఈ బైట్లని ఏ అక్షరాల పట్టిక పెట్టుకుని చదవాలో చెప్పేది అదే. అమెరికా ఇంగ్లిష్‌కి 37. చైనాలో వాడే సరళ లిపికి 935, దాన్నే పెంచితే 1388. తైవాన్ వాళ్ల పాత లిపికి 937. మరి 65535 అంటే? పట్టికా గిట్టికా ఏమీ లేదు, ఉన్న బైట్లు ఉన్నట్టే పక్కకి తోసెయ్ అని. మెషిన్ మన చేతికి వచ్చేటప్పుడు సిస్టమ్ వాల్యూ, అంటే మెషిన్ మొత్తానికీ వర్తించే సెట్టింగు, ఇలాగే ఉంటుంది. అందరూ ఒకే భాషలో పనిచేసుకుంటున్నంత కాలం దాంతో ఏ ఇబ్బందీ రాదు. అందుకే దశాబ్దాల తరబడి దాన్ని ఎవరూ మార్చరు.

మా క్లయింటుది అమెరికాలో హెడ్డాఫీసు. పంపులు, వాల్వుల విడిభాగాల వ్యాపారం. చైనాలో సూజౌ ఇండస్ట్రియల్ పార్క్‌లో ఒక ప్లాంటు, తైవాన్‌లో చిన్న ఆఫీసు. ఆర్డర్ల దగ్గర్నుంచి ఇన్‌వాయిస్‌ల దాకా అంతా ఆర్‌పీజీ అనే ఐబీఎమ్ ప్రోగ్రామింగ్ భాషలో రాసిన సొంత ప్యాకేజీ. ఆ ప్యాకేజీని హైదరాబాద్ నుంచి మేం చూసుకునేవాళ్లం. 2015లో వచ్చిన రిక్వెస్ట్ చదవడానికి చాలా చిన్నది: కస్టమర్ పేరు, అడ్రసు చైనీస్‌లో ఉంచే ఏర్పాటు చేయాలి.

ఎందుకంటే ఫాప్యావ్ కోసం. చైనాలో మామూలు ఇన్‌వాయిస్‌కి పన్నుల విషయంలో విలువ లేదు. ఫాప్యావ్ అనే ప్రభుత్వ నమూనా బిల్లు, అక్కడి టాక్స్ సాఫ్ట్‌వేర్ ద్వారానే అప్పట్లో ప్రింటవ్వాల్సి ఉండేది. 1994లో మొదలుపెట్టిన గోల్డెన్ టాక్స్ వ్యవస్థలో భాగం ఇది. వ్యాట్ ఫాప్యావ్ మీద కొనుగోలుదారు పేరు, పన్ను నంబరు, అడ్రసు, ఫోను, బ్యాంకు ఖాతా అప్పట్లో ఉండాల్సిందే. ఆ పేరు కంపెనీ రిజిస్ట్రేషన్‌లో ఎలా ఉందో అక్షరం పొల్లు పోకుండా అలాగే ఉండాలి. ఇంగ్లిష్ లిపిలో రాసిన పేరు పనికిరాదు. తేడా వస్తే అవతలివాళ్లకి ఇన్‌పుట్ క్రెడిట్ రాదు, బిల్లు తిప్పి పంపుతారు. అప్పట్లో సరుకుల మీద వ్యాట్ 17 శాతం. అంత సొమ్ము ఎవరు వదులుకుంటారు? ఇప్పుడు మన జీఎస్‌టీ చూస్తున్నవాళ్లకి ఇది వేరే చెప్పక్కర్లేదు. సూజౌ అకౌంట్స్ వాళ్లు ఆ పేర్లన్నీ ఒక ఎక్సెల్ షీట్‌లో విడిగా పెట్టుకుని, ప్రతి బిల్లుకీ చేత్తో కొడుతున్నారు. ఆ కష్టం తీర్చాలన్నది లక్ష్యం.

కొత్తగా ఒక ఫీల్డు పెడితే పోతుందని అందరం అనుకున్నాం. కస్టమర్ మాస్టర్ తెరిచి చూస్తే అడ్రసు మూడో లైనులో జంక్ కనబడింది. మా టీమ్‌లో అందరికంటే చిన్నవాడు, "అన్నా, ఇది డేటా కాదన్నా, చెత్త. తుడిచేసి మొదలుపెడదాం" అన్నాడు. హెడ్డాఫీసు వాళ్లూ ఏళ్లుగా అదే అంటున్నారట. నేను మాత్రం ముందు హెక్స్‌లో చూడమన్నాను. ఫైల్ మెంబర్ డిస్‌ప్లే చేసి ఎఫ్10, ఆ తర్వాత ఎఫ్11 నొక్కితే ఒక్కో అక్షరం కింద దాని బైటు విలువ కనిపిస్తుంది. అక్కడ చూడగానే అసలు సంగతి బోధపడింది.

ఇంగ్లిష్ అక్షరానికి ఒక బైటు చాలు. వేల కొద్దీ ఉన్న చైనీస్ అక్షరాలకి అది చాలదు కాబట్టి రెండేసి బైట్లు. ఐబీఎమ్ మెయిన్‌ఫ్రేమ్ సంప్రదాయంలో ఈ రెండూ ఒకే ఫీల్డులో కలిసి ఉండాలంటే మధ్యలో గుర్తులు పెడతారు. 14వ విలువ ఉన్న బైటు వస్తే షిఫ్ట్ ఔట్, అక్కడి నుంచి రెండేసి బైట్లు చదువు అని. 15 వస్తే షిఫ్ట్ ఇన్, మళ్లీ ఒక్కొక్కటిగా చదువు అని. మా చెత్తలో చాలా రికార్డులకి ముందు 14, చివర 15 ఉన్నాయి, మధ్యలో సరి సంఖ్యలో బైట్లు ఉన్నాయి. చెత్తకి అంత క్రమశిక్షణ ఎక్కడి నుంచి వస్తుంది?

తర్వాత విచారిస్తే తెలిసింది. ప్లాంటు మొదలైన కొత్తలో అక్కడి కాంట్రాక్టర్ ఎవరో స్క్రీన్ ఫైలులో ఆ ఒక్క ఫీల్డుని డీబీసీఎస్ ఓపెన్ రకంగా, అంటే ఒంటి బైటు, రెండు బైట్ల అక్షరాలు రెండూ పట్టేలా మార్చి కంపైల్ చేసి పెట్టాడు. డేటాబేస్ ఫైలుని ముట్టుకోలేదు. అది మామూలు క్యారెక్టర్ ఫీల్డుగానే, 65535 కింద ఉండిపోయింది. సూజౌలో ఎమ్యులేటర్‌ని, అంటే పీసీలో ఏఎస్/400 స్క్రీన్ చూపించే ప్రోగ్రాంని, చైనా అక్షరాల పట్టికకి పెట్టుకున్నారు కాబట్టి వాళ్లు కొట్టింది వాళ్లకి శుభ్రంగా కనబడేది. అమెరికాలో 37 పెట్టుకున్న స్క్రీన్ మీద అవే బైట్లు నెత్తిన గీతలున్న ఫ్రెంచి అక్షరాలుగా, కామాలుగా, బ్రాకెట్లుగా తేలేవి. అను ఫాంట్లలో టైపు చేసిన పెళ్లి పత్రిక ఫైలుని ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో తెరిచినవాళ్లకి ఈ దృశ్యం కొత్త కాదు. ఫైలులో ఉన్నవి నంబర్లే. అవి ఏ అక్షరాలో చెప్పే చీటీ ఫైలుతో పాటు రాలేదు, అంతే. పైగా సూజౌ వాళ్లకి సరిగ్గా కనబడుతోంది కాబట్టి వాళ్ల దృష్టిలో అసలు సమస్యే లేదు. నన్నడిగితే అదే అన్నిటికంటే ప్రమాదం. కనబడటానికి కారణం డేటా సరిగ్గా ఉండటం కాదు, కొట్టిన స్క్రీనూ చూస్తున్న స్క్రీనూ ఒకే పట్టిక వాడటం.

అన్ని రికార్డులకీ అదృష్టం కలిసిరాలేదు కూడా. హెడ్డాఫీసులో పాత శుద్ధి ప్రోగ్రాం ఒకటి ఉంది. ఈ ఐబీఎమ్ పట్టికల పద్ధతి పేరు ఎబ్సిడిక్, అందులో ఖాళీ జాగా విలువ 64. అంతకంటే తక్కువ విలువ ఉన్న బైట్లు 5250 అనే ఏఎస్/400 టెర్మినల్ స్క్రీన్ మీదకి వెళితే రంగులు మారడం, ఒక్కోసారి స్క్రీనే ఎర్రర్ కొట్టడం జరుగుతుంది. అందుకని ఏఎస్/400 ఉన్న ఏ కంపెనీలో చూసినా 64 లోపు బైట్లని ఖాళీలుగా మార్చే ప్రోగ్రాం ఒకటి ఉంటుంది. ఇక్కడా నెలాఖరులో నడిచేది. 14, 15 రెండూ 64 కంటే తక్కువే కదా! కొన్ని వందల రికార్డుల్లో షిఫ్ట్ గుర్తులు ఎగిరిపోయి, మధ్యలోని బైట్లు మాత్రం మిగిలాయి. అవి సూజౌలో కూడా జంక్‌గానే కనబడుతున్నాయి. వాళ్లు పాపం ఎవరో పాడుచేశారని తిట్టుకుంటూ మళ్లీ కొట్టుకునేవాళ్లు, నెలాఖరుకి మళ్లీ పోయేవి.

వీటిని తిరిగి రాబట్టడం నేను అనుకున్నంత కష్టం కాలేదు. 935లో చైనీస్ అక్షరపు మొదటి బైటు ఎక్కువగా పడే చోట ఇంగ్లిష్ పట్టికలో మామూలు అక్షరాలు గానీ అంకెలు గానీ ఉండవు, విరామ చిహ్నాలూ గీతల అక్షరాలే ఉంటాయి. కాబట్టి ఖాళీతో మొదలై, ఒక బైటు విడిచి ఒక బైటు ఆ ప్రాంతంలో పడుతూ, సరి సంఖ్యలో సాగి ఖాళీతో ముగిసే వరుస దొరికితే అది పేరే. రెండు పక్కలా 14, 15 తిరిగి పెట్టేసే ప్రోగ్రాం రాశాం. శుద్ధి ప్రోగ్రాం చేసిన మేలు ఒక్కటే, బైట్లని ఖాళీతో మార్చింది గానీ తీసేసి జరపలేదు. జరిపి ఉంటే లెక్క తప్పి మా పని గోవిందా.

ఈ పనిలో పడ్డాకే ఇంకో విషయం బయటపడింది. దీని గురించి ఎవరూ మాకు ఫిర్యాదు చేయలేదు. అమెరికా పట్టికలో డాలరు గుర్తు ఏ నంబరు దగ్గర ఉందో, చైనా వాళ్ల ఒంటి బైటు పట్టికలో అదే నంబరు దగ్గర యువాన్ గుర్తు ఉంటుంది. ప్రోగ్రాంలో డాలరు గుర్తుని స్థిరంగా రాసి కంపైల్ చేసిన ప్రతి రిపోర్టూ సూజౌ స్క్రీన్ మీద యువాన్లలో కనబడుతోందన్నమాట. అంకె అదే, గుర్తు వేరు. డాలరుకి అప్పట్లో ఆరు యువాన్ల పైమాటే. కొత్తగా చేరినవాళ్లు మొదట తికమకపడేవారని, ఈ రిపోర్టులో యువాన్ అంటే డాలరు అని సీనియర్లు నోటితో చెప్పి నేర్పేవారని అకౌంట్స్‌లో ఒకావిడ నవ్వుతూ చెప్పింది. నాకు మాత్రం నవ్వు రాలేదు. గుర్తులన్నీ తీసేసి యూఎస్‌డీ, సీఎన్‌వై అని అక్షరాల్లో పెట్టాం. పెద్ద ఇంగ్లిష్ అక్షరాలు ఈ పట్టికలన్నిటిలో ఒకే చోట ఉంటాయి. డాలరు, హాష్, ఎట్ గుర్తుల్ని మాత్రం నమ్మకూడదు. మన ఆర్‌పీజీ వాళ్లకి ఫీల్డు పేర్లలో ఈ మూడూ వాడే అలవాటు ఉండటం ఇంకో తలనొప్పి.

ఇక కొత్త ఫీల్డు ఎలా ఉండాలన్న చర్చ. ఒక వర్గం 1388 పెట్టి ఉన్న ఫీల్డునే సరిచేద్దామంది. పని తక్కువ. నేను ఒప్పుకోలేదు, కారణం పొడవు. ఉన్న ఫీల్డు 30 బైట్లు. షిఫ్ట్ గుర్తులకి రెండు పోతే 28, అంటే 14 అక్షరాలు. సూజౌలో మా కస్టమర్ల పేర్లు సగానికి సగం సూజౌ ఇండస్ట్రియల్ పార్క్ అనే మాటతో మొదలవుతాయి. దానికి ఆరు అక్షరాలు. చివర లిమిటెడ్ కంపెనీ అనడానికి నాలుగు. మిగిలిన నాలుగింట్లో అసలు పేరూ, వాళ్లు చేసే వ్యాపారమూ రెండూ ఇరకాలి. చట్టబద్ధమైన పేరు ఉండాల్సిన చోట ఇది ఎలా కుదురుతుంది?

పైగా కోత సమస్య. ఈ 30 బైట్ల పేరుని ప్యాకింగ్ స్లిప్ ప్రోగ్రాం 25 బైట్ల ఫీల్డులోకి ఎత్తుకునేది. ఇంగ్లిష్‌లో అయితే చివరి ఐదక్షరాలు పోతాయి, అంతే. ఇక్కడ షిఫ్ట్ ఔట్‌కి ఒకటి, పన్నెండు అక్షరాలకి 24, మొత్తం 25. షిఫ్ట్ ఇన్‌కి చోటు లేదు. ఇక ఆపమని చెప్పేవాడే లేడు కాబట్టి ప్రింటరు ఆ లైనులో పక్కనున్న పరిమాణం, ధర కూడా రెండేసి బైట్ల చొప్పున చదివేసి డబ్బాలు వేసేది. గోడౌన్ కుర్రాళ్లు ఆ లైన్లో పరిమాణం పెన్నుతో రాసుకునేవాళ్లు.

చివరికి మాస్టర్ ఫైలుని కదపకుండా పక్కన కొత్త ఫైలు ఒకటి పెట్టాం. కస్టమర్ నంబరు, భాష కోడు, పేరు, అడ్రసు. పేరు, అడ్రసు రెండూ యూనికోడ్ రూపాల్లో ఒకటైన యూటీఎఫ్-16లో, అంటే సీసీఎస్ఐడీ 1200. ఇందులో షిఫ్ట్ గుర్తుల గొడవ లేదు, 60 అంటే మామూలు అక్షరాలు 60 పడతాయి. తైవాన్ వాళ్లవీ అందులోనే ఉండొచ్చు. పాత ప్రోగ్రాములకి ఇదొకటి ఉందని కూడా తెలియదు. కావలసిన ప్రోగ్రాములే దాన్ని తెరుస్తాయి. మొత్తం సిస్టమ్‌ని యూనికోడ్‌కి మార్చాలన్న ఉత్సాహం మా మేనేజర్ గారికి ఉంది గానీ, వేల ప్రోగ్రాములున్న చోట ఆ మాటకి బడ్జెట్ ఎవరిస్తారు?

డేటా మార్పిడిలో ఒక కిటుకు ఉంది. 65535 ఫైలు నుంచి నేరుగా 1200 ఫైలులోకి కాపీ చేయబోతే, మూలానికి పట్టిక లేదు కాబట్టి సిస్టమ్ మార్చలేదు. అందుకని మధ్యలో అదే ఆకారంలో ఇంకో ఫైలు తయారుచేసి, ఆ ఫీల్డుకి 1388 అని రాసి, బైట్లని ఏ మార్పూ లేకుండా అందులో పోశాం. ఇప్పుడు వాటికి పట్టిక ఉంది. అక్కడి నుంచి ఎస్‌క్యూఎల్‌తో ఇన్సర్ట్ చేస్తే సిస్టమే యూనికోడ్‌లోకి మారుస్తుంది.

కానీ అన్నిటికీ 1388 అని రాసేయడానికి లేదు. తైవాన్ ఆఫీసు వాళ్లూ అదే ఫైలులో, అదే ఫీల్డులో, 937 పెట్టుకున్న స్క్రీన్ల నుంచి కొట్టారు. అవే షిఫ్ట్ గుర్తులు, అవే రెండేసి బైట్లు. ఒకే జంట బైట్లకి ఇక్కడో అక్షరం, అక్కడో అక్షరం. చూసి చెప్పడానికి బైట్లలో ఏ ఆధారమూ లేదు. రికార్డు మీద ఉన్న బ్రాంచి కోడు, చివరగా మార్చిన యూజర్ ఐడీ పట్టుకుని చాలా వరకు విడదీశాం. రెండు ఆఫీసులవాళ్లూ చెయ్యి పెట్టిన రికార్డులు మిగిలిపోయాయి. వాటిని రెండు రకాలుగానూ మార్చి, పక్కపక్కన ప్రింటు తీసి సూజౌ వెళ్లినప్పుడు అకౌంట్స్ ఆవిడ ముందు పెట్టాను. ఒక వరుసలో కంపెనీ పేరు ఉంటుంది, పక్క వరుసలో అర్థం పర్థం లేని అక్షరాల దండ ఉంటుంది. ఆవిడ స్కేలు పెట్టుకుని టిక్కులు కొట్టుకుంటూ పోయింది. మధ్యలో ఒకచోట ఆగి, రెండూ చెత్తేనంది. అది అమెరికాలో ఎవరో జంక్‌ని పేరనుకుని దిద్దబోయిన రికార్డు.

ఆవిడ దగ్గరే కున్ జిన్ ఖావ్ గురించి మొదటిసారి విన్నాను. మేం ఇచ్చిన పరీక్ష ఫైలుని ఆవిడ ఎక్సెల్‌లో తెరిచి, సేవ్ చేసి తిరిగి పంపింది. మా దగ్గర తెరిస్తే ప్రతి పేరులోనూ ఆ మూడు అక్షరాలే తిరిగి తిరిగి వస్తున్నాయి. చైనా ప్రోగ్రామర్లకి అది చంటిపిల్లాడికి కూడా తెలిసిన జోకు. ఏదైనా బైటు అర్థం కానప్పుడు యూనికోడ్ సాఫ్ట్‌వేర్ దాని స్థానంలో ప్రశ్నార్థకం ఉన్న వజ్రం గుర్తు పెడుతుంది. యూటీఎఫ్-8లో దాని బైట్లు 239, 191, 189. అలాంటివి రెండు పక్కపక్కన వస్తే ఆరు బైట్లు. ఆ ఆరింటినీ చైనా విండోస్ అలవాటు పట్టిక జీబీకేలో రెండేసి చొప్పున చదివితే మూడు అక్షరాలు, అవే కున్, జిన్, ఖావ్. ఇవి కనబడ్డాయంటే అసలు బైట్లు అప్పటికే పోయాయని. ఏ ప్రోగ్రాం రాసినా తిరిగి రావు. శుద్ధి ప్రోగ్రాం దెబ్బకీ దీనికీ అదే తేడా. ఆ తర్వాత ఎక్సెల్ కోసం ఇచ్చే యూటీఎఫ్-8 ఫైళ్లకి మొదట్లో 239, 187, 191 అనే మూడు బైట్ల గుర్తు తప్పనిసరి చేశాం. టాక్స్ సాఫ్ట్‌వేర్‌కి ఇచ్చే ఫైలు మాత్రం జీబీకేలోనే.

అక్కడ ఇంకో మెలిక. చైనా మొదటి ప్రమాణం జీబీ 2312 వచ్చింది 1980లో. అందులో 6,763 చైనీస్ అక్షరాలు. మామూలు రాతకి సరిపోతాయి గానీ మనుషుల పేర్లకి చాలవు. 1998 నుంచి 2003 దాకా ప్రధానిగా ఉన్న ఝూ రోంగ్జీ పేరులో రెండో అక్షరమే ఆ పట్టికలో లేదు! జీబీకేలో చేరింది. ఆ తర్వాతి జీబీ 18030లో నాలుగు బైట్ల అక్షరాలు కూడా ఉన్నాయి. మా కస్టమర్ల కాంటాక్ట్ పర్సన్లలో కొందరి పేర్లు జీబీకేకి కూడా అందలేదు. అదృష్టవశాత్తూ ఫాప్యావ్ మీద కాంటాక్ట్ పర్సన్ పేరు అక్కర్లేదు. కంపెనీ పేరులో అలాంటి అక్షరం వస్తే ఫైలు ఆపి జాబితా ఇచ్చేలా పెట్టాం. ప్రశ్నార్థకం వేసి ముందుకు పంపడం కంటే ఆపడమే నయం.

అన్నీ అయ్యి లైవ్‌లోకి వెళ్లాక వచ్చిన మొదటి ఫిర్యాదు ఎవరూ ఊహించనిది: కస్టమర్ల జాబితా క్రమం పోయింది! జీబీ 2312లో తరచుగా వాడే 3,755 అక్షరాలని ఉచ్చారణ క్రమంలో పేర్చారు. మిగిలిన 3,008 అక్షరాలు మాత్రం ధాతు చిహ్నాల, అంటే అక్షరంలో మూలంగా ఉండే భాగాల క్రమంలో ఉంటాయి. కాబట్టి సూజౌ వాళ్ల పాత ఎక్సెల్‌లో పేర్లు ఇంచుమించు ఏ నుంచి జెడ్ దాకా ఉచ్చారణ వరుసలో వచ్చేవి. యూనికోడ్‌లో అక్షరాలు ధాతు చిహ్నం, గీతల సంఖ్య ప్రకారం ఉంటాయి, నంబరు ప్రకారం సార్ట్ చేస్తే వాళ్లకి ఏదీ దొరకదు. పేరు పక్కనే ఉచ్చారణని ఇంగ్లిష్ లిపిలో ఉంచే ఫీల్డు ఒకటి పెట్టి దాని మీద సార్ట్ చేశాం. దాంతో పాత తప్పు ఒకటి కూడా సర్దుకుంది. ఛోంగ్‌చింగ్ నగరం పేరులో మొదటి అక్షరానికి రెండు ఉచ్చారణలు. పాత పట్టికలో అది ఝోంగ్ దగ్గర ఉంది కాబట్టి ఆ ఊరి కస్టమర్లంతా జాబితా అడుగున ఉండేవాళ్లు.

ప్రింటింగ్ గురించి ఎక్కువ చెప్పను. ఫాప్యావ్ పని టాక్స్ సాఫ్ట్‌వేర్‌ది కాబట్టి అది మా నెత్తి మీద పడలేదు. ప్యాకింగ్ స్లిప్ మాత్రం మాదే. చైనీస్ అక్షరం రెండు కాలమ్‌ల వెడల్పు తీసుకుంటుంది, యూనికోడ్ నుంచి ప్రింటరుకి వెళ్లేటప్పుడు షిఫ్ట్ గుర్తులు మళ్లీ వచ్చి చేరతాయి. ప్రింటర్ ఫైలులో ఆ గుర్తులకి చోటు వదలాలా వద్దా అన్నదానికి ఒక పారామీటర్ ఉంది. కార్బన్ ఫారం మీద గళ్లు కుదిరేదాకా దాన్ని అటూ ఇటూ మార్చుకుంటూ కూర్చున్నాం. పేరుని మాత్రం ఇప్పుడు బైట్ల లెక్కన కాకుండా అక్షరాల లెక్కన కోసి, రెండో లైనులోకి దించుతున్నాం.

65535ని సిస్టమ్ వాల్యూలో మార్చమని నేను రాసిన నోట్‌కి హెడ్డాఫీసు నుంచి జవాబు రాలేదు. శుద్ధి ప్రోగ్రాంలోంచి 14, 15 తప్పించడానికి మాత్రం ఒప్పుకున్నారు. 2023 ఆగస్టు 1 నుంచి జీబీ 18030 కొత్త రూపం అమల్లోకి వచ్చింది, అందులో 87,887 చైనీస్ అక్షరాలు. అందులో సగానికి పైగా యూటీఎఫ్-16లో రెండు స్థానాలు తీసుకుంటాయి. మన 60 అక్షరాల ఫీల్డులో కోత సరిగ్గా అలాంటి అక్షరం మధ్యలో పడితే ఏమవుతుందో ఒకసారి చూడమని, ఇప్పుడు ఆ ప్యాకేజీ చూస్తున్న తమ్ముడికి చెప్పి ఉంచాను.